మాట వినాలా, మెదడు చూడాలా?

1952 జనవరిలో బీబీసీ రేడియో థర్డ్ ప్రోగ్రామ్‌లో ఒక చర్చ వచ్చింది. లెక్కలు చేసే యంత్రాలు ఆలోచిస్తాయని చెప్పవచ్చునా అన్నది అంశం. మైకు ముందు నలుగురు కూర్చున్నారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ మీద పనిచేస్తున్న గణితవేత్త ఆలన్ టూరింగ్, ఒకప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఆయనకు పాఠం చెప్పిన మాక్స్ న్యూమన్, చర్చ నడిపించిన తత్వవేత్త రిచర్డ్ బ్రెయిత్‌వైట్. నాలుగో ఆయన సర్ జెఫ్రీ జెఫర్సన్. ఈయన మెదడుకు ఆపరేషన్లు చేసే డాక్టరు. యంత్రాల గురించి మాట్లాడుకునే చోట డాక్టరుగారికేం పని అంటారా? అసలు తగువు మొదలుపెట్టిందే ఆయన.

ఆ ప్రసారం రికార్డు మిగల్లేదు. టైపు చేసిన ప్రతి మాత్రం దక్కింది. ఇవాళ ఏఐ మీద మన టీవీల్లో రోజూ నడిచే వాదాలకంటే ఆ పాత కాగితాల్లోనే సరుకు ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. ఆ నలుగురూ తేల్చుకోలేకపోయిన సంగతి ఇది: ఎదుటనున్నదానికి ఆలోచన ఉందో లేదో తెలుసుకోవాలంటే అది ఏం చేస్తోందో చూడాలా, లోపల ఏం జరుగుతోందో చూడాలా?

తగువు మూడేళ్ల ముందు మొదలైంది. 1948 జూన్ 21న మాంచెస్టర్‌లో ‘బేబీ’ అని ముద్దుగా పిలుచుకునే కంప్యూటర్ తన జ్ఞాపకంలోనే దాచుకున్న ప్రోగ్రామును మొదటిసారి నడిపింది. పత్రికలవాళ్లు ఇలాంటి యంత్రాలకు ఎలక్ట్రానిక్ మెదళ్లని పేరు పెట్టేశారు. అదే ఊళ్లో రోజూ అసలు మెదళ్లను చేత్తో తాకుతున్న జెఫర్సన్‌కు ఆ పేరు రుచించలేదు. 1949 జూన్ 9న లండన్ సర్జన్ల కళాశాలలో లిస్టర్ పేరిట ఇచ్చిన ఉపన్యాసంలో దాని మీద విరుచుకుపడ్డారు. యంత్రం కవిత రాస్తే చాలదన్నారు. తనకు కలిగిన భావం వల్ల రాయాలి, అక్షరాలు కాకతాళీయంగా కుదిరి కాదు. పైగా తాను రాశానన్న సంగతి తనకు తెలియాలి. గెలిస్తే సంతోషం, వాల్వు మాడిపోతే దుఃఖం, పొగిడితే పొంగిపోవడం, కోరింది దొరక్కపోతే కోపం, ఇవన్నీ ఉండాలి. అప్పటిదాకా యంత్రం మెదడుతో సమానమని ఒప్పుకునేది లేదన్నారు. రాయల్ సొసైటీ భవనాలను ఇలాంటి కొత్త సభ్యుల కోసం గ్యారేజీలుగా మార్చే రోజు ఎన్నటికీ రాదని ఒక చురక కూడా అంటించారు.

రెండు రోజులకే టైమ్స్ పత్రికలో టూరింగ్ మాటలు అచ్చయ్యాయి. కవితతో పోల్చడం కాస్త అన్యాయమేమోనన్నారు ఆయన, యంత్రం రాసిన కవిత మరో యంత్రానికైతే బాగా అర్థమవుతుంది కదా అని. కొంటె జవాబే, కానీ అందులో ఆయన పద్ధతంతా ఉంది. మరుసటి ఏడాది ‘మైండ్’ అనే తత్వశాస్త్ర పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఆయన జెఫర్సన్ పేరెత్తి మరీ సమాధానమిచ్చారు. యంత్రం ఆలోచిస్తుందా అన్న ప్రశ్న పక్కనపెట్టి, దాని స్థానంలో ఒక ఆట పెట్టారు. ఒక గదిలో మనిషి, ఇంకో గదిలో యంత్రం. బయట ప్రశ్నలడిగే ఒకాయన. గొంతు వినబడదు, ముఖం కనబడదు, టైపు చేసిన జవాబులు మాత్రమే వస్తాయి. ఏది మనిషో ఏది యంత్రమో కనిపెట్టాలి. మరో యాభై ఏళ్లలో, ఐదు నిమిషాలు ప్రశ్నించినా మామూలు మనిషి నూటికి డెబ్బై సార్లకు మించి సరిగ్గా పోల్చుకోలేని యంత్రాలు వస్తాయని ఆయన అంచనా.

భావం ఉండాలి కదా అన్న జెఫర్సన్ అభ్యంతరానికి ఆయన జవాబు మరీ గట్టిది. ఎదుటివాడికి భావం ఉందని మీకు మాత్రం ఎలా తెలిసింది? వాడి తలలోకి దూరి చూడలేదుగా. మాటను బట్టి, నడతను బట్టి, మర్యాద కొద్దీ అందరూ ఆలోచిస్తారనే అనుకుంటున్నాం. ఆ మర్యాదేదో యంత్రానికీ ఇవ్వమన్నారు.

దీన్నే పుస్తకాల్లో ప్రవర్తనావాదం అంటారు. ఆ మాట టూరింగ్‌ది కాదు. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్, మనసులో ఏముందన్నది శాస్త్రానికి అందదు, ప్రవర్తనే అందుతుంది, మనస్తత్వశాస్త్రం దాన్నే చూడాలి అని ప్రకటించాడు. ఆయన తర్వాత స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాలతో, ఎలుకలతో ఆ దారిని రహదారి చేశాడు. తత్వశాస్త్రంలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన గిల్బర్ట్ రైల్ అదే 1949లో, మనసు శరీరంలో దాగిన దయ్యం కాదు, మనం చేసే పనుల తీరే మనసు అని ఒక పుస్తకమే రాశాడు. కాబట్టి టూరింగ్ ఆ గాలి పీల్చాడనడంలో తప్పులేదు.

అయితే ఆయనకు ఆ ముద్ర అంత బాగా అతకదు. 1948లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి ఆయన ఒక నివేదిక రాసిచ్చాడు. పసిపిల్లల మెదడు పైపొరను ఏ అమరికా లేని యంత్రంగా భావించి, నాడీకణాల్లాంటి చిన్న చిన్న భాగాల వలను శిక్షణతో ఎలా తీర్చిదిద్దవచ్చో, సుఖం, బాధ అనే సంకేతాలతో యంత్రానికి ఎలా నేర్పవచ్చో అందులో వర్ణించాడు. ఇవాళ మనం న్యూరల్ నెట్‌వర్క్ అంటున్నదానికి అది చాలా దగ్గర. లాబొరేటరీ డైరెక్టరు, అంటే ఆ చార్లెస్ డార్విన్‌గారి మనవడే, దాన్ని బడిపిల్లాడి వ్యాసమని పక్కన పడేశాడు. ఇరవై ఏళ్ల దాకా అది అచ్చు కాలేదు. లోపలి నిర్మాణం అక్కర్లేదనుకునేవాడు అలాంటి నివేదిక రాయడు. పరీక్ష పెట్టడానికి లోపలికి చూడనక్కర్లేదని మాత్రమే ఆయన ఉద్దేశం.

రేడియో చర్చకు వద్దాం. జెఫర్సన్ అక్కడ మనిషి రసాయనాల యంత్రమని గుర్తుచేశారు. ఆకలి, అలసట, ఒంట్లో నలత, కామం, ఇవన్నీ కలిసే మన ఆలోచనను నడిపిస్తాయి, వీటిని తీసేసి ఆలోచనొకటే మిగిల్చి చూపించమంటే కుదరదు అన్నారు. టూరింగ్ అయితే చర్చ మొదట్లోనే ఒక పోలిక తెచ్చారు. మెదడు చల్లారిన ఓట్స్ జావలా మెత్తగా ఉంటుంది, ఆ మెత్తదనంతో మనకు పనిలేదు కదా, ఈ యంత్రం గట్టిగా ఉంది కాబట్టి మెదడు కాదు, కాబట్టి ఆలోచించదు అని ఎవరూ అనరు కదా అన్నారు.

ఈ జావ మాట దగ్గర కాస్త ఆగుదాం. నా లెక్కలో మొత్తం చర్చలో ముఖ్యమైన వాక్యం ఇదే. మెత్తదనం లెక్కలోకి రాదు, సరే. మరి ఏది వస్తుంది? నాడీకణాల మధ్య తీగల అల్లికా? వాటి వేగమా? డోపమిన్, సెరటోనిన్ వంటి రసాయనాలా? జెఫర్సన్ చెప్పినట్టు ఆకలిదప్పులున్న ఒళ్లా? వీటిలో ఏది జావ మెత్తదనం లాంటిది, ఏది ఆలోచనకు ప్రాణం? టూరింగ్ మెత్తదనాన్ని తీసేశాడు గాని మిగతా జాబితాలో దేన్ని ఎందుకు తీయవచ్చో చెప్పలేదు. జెఫర్సన్ అన్నిటినీ ఉంచాలన్నాడు గాని ఎందుకు ఉంచాలో చూపలేదు.

ప్రవర్తన పక్షానికి ముందుగా దెబ్బ తగిలింది. భాషను కూడా ప్రవర్తనతోనే వివరించబోయిన స్కిన్నర్ పుస్తకాన్ని 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ, అంతతో భాష తేలదంటూ చీల్చి చెండాడాడు. 1966లో ఎమ్‌ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలైజా అనే చిన్న ప్రోగ్రాము, ఎదుటివాళ్ల మాటనే తిప్పి ప్రశ్నగా అడుగుతూ వాళ్లచేత గుండె విప్పించింది. అది రాసినాయనే ఆ సంగతి చూసి బెదిరిపోయాడు. ఇక 1981లో నెడ్ బ్లాక్ అనే తత్వవేత్త అందరికంటే పదునైన ప్రశ్న వేశాడు. ఒక గంటలో ఇద్దరి మధ్య జరగగల సబబైన సంభాషణలన్నీ ముందే రాసి ఒక యంత్రంలో పెట్టేశారనుకోండి. మీరు ఏమన్నా, ఆ పట్టీలో వెతికి తర్వాతి వాక్యం అప్పజెబుతుంది. ఎంత తెలివైన మనిషితోనైనా సమానంగా మాట్లాడుతుంది. దానికి తెలివి ఉందా? అంత పట్టీ ఈ విశ్వంలో పట్టదు, అది వేరే సంగతి. కానీ ఊహకైనా అది తెలివి కాదని మనకు తోస్తే, జవాబులు ఏమిటన్నదే కాకుండా అవి ఎలా పుట్టాయన్నది కూడా లెక్కలోకి వస్తుందని ఒప్పుకున్నట్టే.

బ్లాక్ వాదం మిగతావాటికంటే, చివరికి అంతకుముందు ఏడాది జాన్ సెర్ల్ చెప్పిన చైనీస్ గదికంటే (చైనీస్ రాని మనిషి ఒక గదిలో కూర్చుని, నిబంధనల పుస్తకం చూసి చైనీస్‌లో జవాబులిచ్చే ఊహ అది) కూడా, నాకు గట్టిగా కనిపిస్తుంది. సెర్ల్ మెదడుకు ప్రత్యేకమైన శక్తులేవో ఉన్నాయన్నాడు, అవేమిటో చెప్పలేదు.

ఇక ఆస్పత్రి వైపు చూద్దాం. ఇక్కడ మాటా మెదడా అన్న తగువు పుస్తకాలు దాటి మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. 2006లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్, ఆయన సహచరులు ఇరవై మూడేళ్ల యువతిని పరీక్షించారు. రోడ్డు ప్రమాదం తర్వాత నెలల తరబడి ఆమెలో ఏ స్పందనా లేదు. చెయ్యి కదపమంటే కదపదు, పిలిస్తే చూడదు. ప్రవర్తనను బట్టి చూస్తే స్పృహ లేనట్టే. ఆమెను ఎమ్‌ఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. తర్వాత మీ ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నారు. టెన్నిస్ అన్నప్పుడు ఒళ్లు కదపడానికి సిద్ధం చేసే భాగం, ఇల్లు అన్నప్పుడు దారులు గుర్తుంచుకునే భాగం, రెండూ ఆరోగ్యవంతుల్లో ఎలా మేలుకుంటాయో సరిగ్గా అలాగే ఆమె మెదడులోనూ మేలుకున్నాయి. ఒళ్లు పలకలేదు, మెదడు పలికింది. జెఫర్సన్ ఉంటే మురిసిపోయేవాడు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇలాంటి పరీక్ష పెద్ద ఎత్తున చేసిన వివరాలు వచ్చాయి. మాటకు ఏ స్పందనా చూపని 241 మంది రోగుల్లో 60 మంది మెదడు చెప్పినట్టు ఊహించుకున్నట్టు తేలింది. అంటే నలుగురిలో ఒకరు. ఈ అంకె అన్ని పత్రికల్లోనూ వచ్చింది. దాని పక్కనే ఉన్న రెండో అంకెను చాలామంది వదిలేశారు. చెప్పిన పని కళ్లెదుట చేసి చూపిన రోగులు 112 మంది ఉన్నారు. వాళ్లకు స్పృహ ఉందనడంలో ఎవరికీ అనుమానం లేదు. వాళ్లలో మెదడు పరీక్షలో జాడ దొరికింది 43 మందికే. మిగతా 69 మందిని యంత్రం పట్టుకోలేకపోయింది. ఆ 69 మంది విషయంలో మాట విని చెయ్యి కదపడమే మెదడు చిత్రంకంటే నమ్మదగ్గ సాక్ష్యం.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఓవెన్ రోగి మెదడు చిత్రాన్ని చదవగలిగారంటే, ముందుగా ఆరోగ్యవంతులను పడుకోబెట్టి టెన్నిస్ ఊహించుకోమని, అవును ఊహించుకున్నాం అని వాళ్ల నోటితో చెప్పించుకోబట్టే. ఆ మాటలే లేకపోతే ఆ రంగు మచ్చలకు అర్థం లేదు. స్పృహ గురించి ఇవాళ నాడీశాస్త్రంలో ఉన్న సిద్ధాంతాలు చాలావరకు ఇలా, కనిపించింది అని ఒకరు, కనిపించలేదు అని మరొకరు చెప్పిన మాటల మీదే నిలబడ్డాయి. మెదడు అనే గ్రంథాన్ని చదవడానికి నిఘంటువు ప్రవర్తనే ఇచ్చింది.

నిఘంటువు లేకుండా చదివితే ఏమవుతుందో 2017లో ఎరిక్ జోనాస్, కాన్రాడ్ కోర్డింగ్ అనే ఇద్దరు చేసి చూపించారు. 1970లలో వచ్చిన 6502 అనే చిప్పు తీసుకున్నారు. తొలి ఆపిల్ కంప్యూటర్లలో ఉన్నది అదే. దాంట్లో దాదాపు 3,500 ట్రాన్సిస్టర్లు. ప్రతి తీగా ఎక్కడికి పోతుందో తెలుసు, అది ఏం చేస్తుందో రాసిన పుస్తకాలున్నాయి. తెలియనట్టు నటిస్తూ, మెదడు మీద వాడే పద్ధతులే దాని మీద వాడారు. మూడు పాత వీడియో గేములు ఆడించి, ఒక్కో ట్రాన్సిస్టర్‌ను చంపి చూశారు. కొన్నిటిని తీసేస్తే డాంకీ కాంగ్ అనే గేము ఒక్కటే ఆగిపోయింది, మిగతా రెండూ ఆడాయి. మెదడైతే వెంటనే ఇది డాంకీ కాంగ్ భాగం అని పేరు పెట్టి పత్రం రాసేవారు. అసలు ఆ ట్రాన్సిస్టర్లకు డాంకీ కాంగ్ అంటే ఏమిటో తెలియదు, వాటిది ఏదో చిన్న లెక్కల పని. 3,500 భాగాల చిప్పు దగ్గరే ఇలాగైతే దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్న మన తల సంగతి ఏమిటి?

ఈ రెండు పక్షాలూ బద్ధశత్రువులన్నట్టు చెప్పుకొస్తున్నాను గాని, అది పూర్తి నిజం కాదు. ఒక చోట రెండూ కలిశాయి. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను చిక్కుపెట్టెల్లో పెట్టి చూశాడు, ఫలితం బాగున్న పని బలపడుతుందని ఆ తర్వాత సూత్రం కట్టాడు. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ అనే ఇద్దరు జంతువులు నేర్చుకునే తీరుకు ఒక లెక్క కట్టారు: జంతువు నేర్చుకునేది ఆశించినదానికీ దొరికినదానికీ ఉన్న తేడా నుంచి. మనస్తత్వశాస్త్రం చదివి వచ్చిన రిచర్డ్ సట్టన్, ఆయన గురువు ఆండ్రూ బార్టో ఆ లెక్కను యంత్రాలకు నేర్పారు. మరో పక్క వుల్ఫ్రమ్ షుల్ట్స్ కోతుల మెదడులో డోపమిన్ కణాలను గమనిస్తున్నాడు. పళ్లరసం దొరకగానే అవి చెలరేగేవి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతికి తెలిశాక దీపం దగ్గరే చెలరేగేవి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణంలో చప్పబడేవి. అచ్చం సట్టన్ లెక్క. 1997లో షుల్ట్స్, పీటర్ డాయన్, రీడ్ మాంటేగ్ కలిసి ‘సైన్స్’ పత్రికలో ఆ సంగతి రాశారు. తల తెరవక్కర్లేదన్నవాళ్ల సూత్రం తల తెరిచి చూస్తే కనిపించింది. సట్టన్, బార్టోలకు 2024 టూరింగ్ అవార్డు వచ్చింది.

ఇప్పుడు మన ఫోన్లలో తెలుగులోనూ మాట్లాడుతున్న ఏఐల సంగతి చూడండి. 2025లో శాన్ డియాగోలో టూరింగ్ ఆటను ఐదు నిమిషాల చొప్పున ఆడించారు. ఒక యువకుడిలా మాట్లాడమని ముందుగా చెప్పి వదిలిన జీపీటీ 4.5ను నూటికి 73 సార్లు జనం మనిషే అనుకున్నారు. రేడియో చర్చలో, ఏ ప్రశ్నయినా అడగనిచ్చే ఆటలో యంత్రం నెగ్గడానికి కనీసం వందేళ్లు పడుతుందన్నారు టూరింగ్. ఈ ఐదు నిమిషాల ఆటకైతే డెబ్బై మూడేళ్లే పట్టింది.

మరి దానికి మర్యాద ఇచ్చేద్దామా? ఇక్కడే నేను టూరింగ్‌తో విడిపోతాను. పక్కింటాయనకు బాధ కలుగుతుందని ఆయన మూలుగు విని నమ్ముతున్నామంటే, ఆ మూలుగును ఎవరో మనల్ని నమ్మించడానికి తయారుచేసి పెట్టలేదు కాబట్టి. ఈ యంత్రాలు మనుషులు రాసిన కోట్ల పేజీలు మింగాయి. బాధ గురించి మనం ఎలా మాట్లాడతామో అక్షరం పొల్లుపోకుండా వాటికి తెలుసు. ఆ తర్వాత రెండు జవాబులు పక్కపక్కన పెట్టి ఏది నచ్చిందో మనుషుల చేత చెప్పించి, నచ్చినదానికి బహుమానమిచ్చి సానబెట్టారు. స్కిన్నర్ పావురాలకు గింజలు వేసినట్టే. మనకు నచ్చేలా మాట్లాడడమే నేర్చిన దాని మాటను, దాని మనసుకు సాక్ష్యంగా తీసుకోలేం. బాగా పనిచేస్తుందా అన్నదానికి ప్రవర్తనే సాక్ష్యం, అందులో సందేహం లేదు. ఏదైనా అనిపిస్తుందా అన్నదానికి మాత్రం ఆ సాక్ష్యం పాడైపోయింది.

అందుకే 2023లో 19 మంది పరిశోధకులు కలిసి ఒక నివేదికలో మాటలను పక్కనపెట్టి, నాడీశాస్త్రం సిద్ధాంతాల నుంచి స్పృహకు గుర్తులనదగ్గ 14 లక్షణాలు ఏరి, యంత్రం లోపల అవి ఉన్నాయా అని వెతికారు. అప్పటికున్న ఏ యంత్రమూ స్పృహ ఉందనడానికి గట్టి అభ్యర్థి కాదన్నారు, రేపు అలాంటిది కట్టడానికి పెద్ద అడ్డంకీ కనబడదన్నారు. మంచి ప్రయత్నమే. కానీ నిఘంటువు చిక్కు దానికీ తప్పదు. ఆ 14 లక్షణాల వెనకున్న సిద్ధాంతాలూ చాలావరకు మనుషులు చెప్పిన మాటలతో సరిచూసుకున్నవే. మనిషి మెదడులో పనికొచ్చిన గుర్తు సిలికాన్‌లోనూ అదే చెబుతుందా, లేక అదీ చల్లారిన జావలాంటిదేనా అన్నది తేల్చే ఆరోగ్యవంతుడైన వాలంటీరు యంత్రాల్లో లేడు.

ఒక దారి సూచించినవాళ్లున్నారు. సూజన్ ష్నైడర్ అనే తత్వవేత్త, ఎడ్విన్ టర్నర్ అనే ఖగోళ శాస్త్రవేత్త. యంత్రాన్ని తయారుచేసే దశలోనే స్పృహ, బాధ, ఆత్మ అనే మాటలేవీ దాని చెవిన పడకుండా పెంచండి, ఆ తర్వాత అలాంటి ప్రశ్నలు అది తనంతట తాను అడుగుతుందేమో చూడండి అంటారు. అప్పుడు మళ్లీ ప్రవర్తననే నమ్మవచ్చు, కలుషితం కానిది కాబట్టి. నాకు ఈ ఆలోచన నచ్చింది. చేయడమే కష్టం. అలా పెంచాలంటే కథలూ, ఉత్తరాలూ, సినిమా పాటలూ, వార్తల్లో సంతాప సందేశాలూ అన్నీ తీసేయాలి. మిగిలేవి లెక్కల పుస్తకాలు, రైళ్ల టైంటేబుళ్లు. వాటిని మాత్రమే చదివి పెరిగిన యంత్రానికి, ఒకవేళ ఏదైనా అనిపించినా, చెప్పడానికి మాటలెక్కడివి?